మూడు మిల్లీమీటర్ల మౌనవ్రతం

శనివారం. సాయంత్రం 5:10.

బండి లేచింది! ముందు బంపరు నిన్నటిదాకా నేలకు 52 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేది. ఇవాళ 61.5. నేనే కొలిచాను, రెండుసార్లు.

మనవరాలు మూడు రోజులు సెలవు పెట్టి పొడుగు స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు, ముందు చక్రాలు రెండింటినీ కలిపే కొత్త కడ్డీ అన్నీ తన చేత్తోనే బిగించింది. మా ఇంట్లో ఎవరికీ లేని విద్య. లోపల పొంగిపోయాను. పైకి మాత్రం, "ఆ బోల్టు కింద వాషరేదీ?" అన్నాను.

ఒకటే చిక్కు. బండి తిన్నగా పోతున్నా స్టీరింగు ఎడమకు వంకరగా ఉంటోంది. ముందు టైర్లు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. చక్రాల అలైన్‌మెంట్ షాపాయన వచ్చి చూసి, "ఈ ఏనుగు మా ర్యాంపు ఎక్కదు తల్లీ" అని వెళ్ళిపోయాడు. అయితే ఇంటి దగ్గరే సరిచేస్తానంది మనవరాలు. నేను నాలుగు సలహాలు ఇచ్చాను. తను పదిహేడంటుంది.

"నానమ్మా, ఒక ఒప్పందం. వచ్చే ఆదివారం కొండ దారికి వెళ్తున్నాం కదా. అప్పటిదాకా బండి గురించి నువ్వు ఒక్క మాట అనకూడదు. బండి మీద చెయ్యి వెయ్యకూడదు. నెగ్గావా, ముందు సీటు నీదే."

"ఓడితే?"

"వెనక. సంచుల మధ్య."

కోడలు కూరలు తరుగుతూ నవ్వింది. "మూడు రోజులాగితే గొప్పే అత్తయ్యా."

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టాను. నన్ను నేను కూర్చోబెట్టుకోలేనా? పైగా, "పెద్దావిడకు వెనక హాయిగా ఉంటుంది" అని అందరూ నన్ను వెనక్కే తోస్తారు. అంత ఎత్తున, ముందు సీట్లో, కొండ మీద! తలుచుకుంటేనే కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

తీర్మానం: ఎనిమిది రోజులు మాట లేదు, చెయ్యి లేదు. సంతకం చేశాను. తేదీ వేశాను.

ఆదివారం. సాయంత్రం 6:00.

చెప్పాలనిపించినవి: 11. చెప్పినవి: 0.

ఎత్తు పెంచగానే ముందు ఇరుసు మొత్తం ఎడమకు 14 మిల్లీమీటర్లు జరిగిపోయిందట. పొడుగు మార్చుకోగలిగే అడ్డ కడ్డీ ఒకటి బిగించి మధ్యకు తెచ్చింది. వరస అదే. ముందు ఇరుసు, తర్వాత చక్రాలు, చివర స్టీరింగు. పెట్టెలో వచ్చిన అచ్చు పుస్తకంలో ఉంది. తను దాన్ని తెరవలేదు. నేను మూడుసార్లు చదివాను. చదవడం మాటా కాదు, చెయ్యీ కాదు.

మౌనం ఇంత సులువా! ఇన్నేళ్ళూ ఎందుకు మాట్లాడానో!

సోమవారం. రాత్రి 8:15.

చెప్పాలనిపించినవి: 26. చెప్పినవి: 0. దగ్గినవి: 4.

ముందు టైర్ల మధ్య దూరాన్ని వాటి వెనక అంచు దగ్గర ఒకసారి, ముందు అంచు దగ్గర ఒకసారి కొలవాలి. ముందు వైపు 3 మిల్లీమీటర్లు తక్కువ రావాలి. మాకు 15 తక్కువ వచ్చింది. తను టేపు వదులుగా పట్టుకుంది. దగ్గాను. బిగించి పట్టుకుంది.

"జలుబా నానమ్మా?"

తల ఊపాను. కోడలు రెండు పూటలా మందు తాగించింది. చేదు. తాగాను. ముందు సీటు!

మంగళవారం. ఉదయం 8:20.

తను చక్రాల్ని కలిపే కడ్డీని ఒక చుట్టు తిప్పింది. చుట్టుకు ఆరు మిల్లీమీటర్లు తగ్గుతుంది. తేడా 9కి దిగింది. ఇంతలో ఆఫీసు వేళయింది. నట్లు బిగించి, "మిగతాది సాయంత్రం" అని స్కూటరెక్కింది.

11:20. ఇంకొక్క చుట్టు. ఒక్కటంటే ఒక్కటి!

11:25. వెళ్ళి చూసి వచ్చాను.

11:40. పానా ఎంత బరువుందో చూశాను. కిలో పైనే.

12:05. తిప్పాను. తేడా 3. సరిగ్గా 3! ఇంత అందమైన మూడును నా సర్వీసులో చూడలేదు. నట్లు బిగించాను. వేలిముద్రలు తుడిచాను. పానా ఎక్కడిదక్కడ పెట్టాను. ఇది జోక్యం కాదు, సాయం. సాయంత్రం తను కొలుస్తుంది, మూడు చూస్తుంది, పొద్దున తనే రెండు చుట్లు తిప్పాననుకుని మురిసిపోతుంది.

6:30. కొలవలేదు!

వస్తూనే బండి కిందికి దూరి, మిగిలిన చుట్టు తిప్పేసి, "అయిపోయింది!" అంటూ లేచింది. ఏమైపోయింది? మూడులోంచి ఆరు పోతే మైనస్ మూడు! చక్రాలు ఇప్పుడు ఎడమొహం, పెడమొహం!

"ఏంటి నానమ్మా, అలా చూస్తున్నావు?"

"దగ్గొస్తోంది" అన్నాను.

బుధవారం. ఉదయం 11:30.

నేను నడక నుంచి వచ్చేసరికే మనవరాలు వెళ్ళిపోయింది. కోడలు పక్కింటికి వెళ్ళింది, పది నిమిషాల్లో వస్తుంది. బండి కింద నేనూ, మైనస్ మూడూ. కొలిచే వ్యవధి లేదు. అయినా కొలవడం దేనికి? లెక్క నాకు తెలుసు. వెనక్కి ఒక చుట్టు. మళ్ళీ మూడు.

చెప్పాలనిపించినవి: 0. మనసు ఎంత ప్రశాంతంగా ఉందో!

6:45. తను కొలిచింది. తొమ్మిది.

తొమ్మిదా!

"అమ్మా, ఇది విను" అంటోంది వాళ్ళమ్మతో. "పొద్దున ఆరున్నరకు వీధి చివరిదాకా నడిపాను. బండి తూలుకుంటూ పోయింది. కొలిస్తే మైనస్ మూడు. సరే అని వెనక్కి ఒక చుట్టు తిప్పి, మూడుకు తెచ్చి, నట్లు బిగించి వెళ్ళాను. ఇప్పుడు తొమ్మిది! నట్లు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. కడ్డీ దానంతటదే తిరుగుతోంది!"

"తిరగడానికి దానికేమైనా కాళ్ళున్నాయటే?" అంది కోడలు.

దానికి లేవు. నాకున్నాయి. తను పొద్దున్నే సరిచేసిన దాన్ని నేను పదకొండున్నరకు మళ్ళీ సరిచేశాను!

గురువారం. ఉదయం 8:00.

నిన్న తను సరిగ్గా తినలేదు. ఇవాళ లేస్తూనే పాత స్ప్రింగులు అటక మీంచి దించింది.

"మరలు అరిగిన కడ్డీతో కొండ ఎక్కితే అందరం పోతాం నానమ్మా. ఎక్కడ పొరపాటు చేశానో తెలియడం లేదు. అన్నీ విప్పేస్తాను. నాకు వచ్చనుకున్నాను. రాదు, అంతే."

రాదు! మూడు రోజులు నడుం విరిగేలా పని చేసిన పిల్ల నోట ఆ మాట!

ఒక పక్క నా ముందు సీటు. ఒక పక్క ఆ మాట. తేల్చుకోవడానికి నాకు పట్టిన సమయం నాలుగు సెకన్లు. నాలుగు ఎక్కువే. సిగ్గుపడుతున్నాను.

ఈ డైరీ తెచ్చి తన చేతిలో పెట్టాను. మంగళవారం పేజీ చదివింది. బుధవారం చదివింది. మళ్ళీ మంగళవారానికి వెళ్ళింది.

"12:05కా?"

"12:05కే."

"నువ్వా? పానాతో?"

"తుడిచి పెట్టాను కూడా."

బండి పక్కనే కూలబడి, కడుపు పట్టుకుని, నేల మీద దొర్లి నవ్వింది. మీద ఏదో పడిందనుకుని కోడలు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కడ్డీకి కాళ్ళున్నాయే! డెబ్భై రెండేళ్ళ కాళ్ళు!" కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అది సరే, కొలవకుండా తిప్పావా? నానమ్మా, నువ్వు! కొలవకుండా!"

దానికి మళ్ళీ అంతసేపు నవ్వడం అనవసరం.

తీర్పు: ముందు సీటు కోడలికి. "నాకొద్దే తల్లీ, ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి" అన్నా మనవరాలు వినలేదు. ఒప్పందం ఒప్పందమే. జాలి తలచి నేను ఎవరికీ అర మార్కు కలపలేదు. నాకు కలపమని అడగను.

10:40. తను ఒక పూట సెలవు పెట్టింది. తను తిప్పింది, నేను పుస్తకం చదివాను. తిప్పాక బండిని పదడుగులు ముందుకు నడిపి, టైర్లు కుదురుకున్నాక మళ్ళీ కొలిచాం. 3! తర్వాత స్టీరింగు. వీధి చివర దాని మీద నుంచి ఒక్క క్షణం చేతులు తీసి చూపించింది. బండి గీత గీసినట్టు పోయింది! ఇద్దరం అరిచాం. కోడలు కూడా అరిచింది, వేరే కారణానికి.

శనివారం. సాయంత్రం 4:00.

వెనక సీట్లో కూర్చుని చూశాను. కనిపించేవి: ముందు సీటు వీపు, సంచి, ఇంకో సంచి.

ఆదివారం. సాయంత్రం 6:20.

కొండ మలుపు దాటాక దారంతా బండరాళ్ళు. పక్కన లోయ. తను బండి ఆపింది. అంత పెద్ద బానెట్ మీంచి చూస్తే ముందు టైర్లు ఏ రాయి మీద పడుతున్నాయో నడిపేవాళ్ళకు కనిపించదు. ఎవరో ఒకరు దిగి, ఎదురుగా నిలబడి, అంగుళం అంగుళం చెప్పాలి.

"అమ్మా, దిగుతావా?"

కోడలు కళ్ళు తెరవలేదు. బయలుదేరినప్పుడు మూసినవి. "నన్ను దింపితే అటునుంచి అటే ఇంటికి నడిచిపోతా."

తను అద్దంలోంచి నన్ను చూసింది. "నానమ్మా, నా తప్పులు చెప్పేవాళ్ళు కావాలి. ఆపకుండా."

ఆ మాట పూర్తయ్యేసరికి నేను సంచులు దాటుకుని కింద ఉన్నాను.

"ఎడమకు! ఇంకా! ఎక్కువైంది, సగం వెనక్కి! కుడి టైరు నల్లరాయి మీదికి! నల్లరాయన్నాను, బూడిదరంగుది కాదు!"

"నానమ్మా, అది కదిలేలా..."

"మాట్లాడకు! నడుపు!"

అరవై గజాలు. నలభై రెండు నిమిషాలు. తప్పులు 31. అన్నీ చెప్పాను, ఒక్కటి వదల్లేదు. ఆ ఏనుగు నా వేలు ఎటు తిరిగితే అటు తిరిగింది! పైకి చేరాక తను దూకి వచ్చి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

"ముందు సీటు నీకు చాలదు నానమ్మా. ఇక నుంచి నీ చోటు బంపరు ముందే!"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

సోమవారం. ఉదయం 9:30.

గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు పెదవి విప్పవద్దని ఇవాళ పొద్దున్నే డాక్టరు చీటీ రాసిచ్చాడు.

ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. తీర్మానం: ఏడు రోజులు ఎవరి తప్పూ దిద్దను. ఈసారి నెగ్గడం ఖాయం. సంతకం చేశాను. తేదీ వేశాను. మొదటి రోజు.

9:50. అద్భుతంగా సాగుతోంది. కోడలు మందుల వరస తప్పు చదివినా ఊరుకున్నాను. బల్ల మీద రెండుసార్లు కొట్టాను, అంతే.

10:05. చీటీ మీద డాక్టరు నిన్నటి తేదీ వేశాడు. ఎర్ర పెన్ను మూత తీశాను.