సంగటి ముద్దలో మాత్ర

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మీద నా కోపం మాత్రం పోలేదు.

పెన్నేటికి చీర నేస్తానని నీ కొడుకు తిండీ నిద్రా మాని మగ్గం మీద కూర్చున్నప్పుడు, ప్రొద్దుటూరు డాక్టరు సర్పగంధ వేరుతో చేసిన మాత్రలిచ్చాడు. "మెదడులో సెరొటోనిన్ అని ఒకటుంటాదమ్మా. ఈ మాత్ర దాన్ని తోడేస్తాది. పదిహేను రోజులకు ఆపేయండి. ఆపకుంటే మనిషి దిగులుతో కుంగిపోతాడు" అని నీ ఎదుటే చెప్పాడు. నువ్వు తలూపావు.

ఆ తర్వాత రెండేళ్లు, జమ్మలమడుగు బస్సు డ్రైవరుతో మాత్రలు తెప్పించి, నాకు తెలియకుండా అతని సంగటి ముద్దలో దాచి పెట్టావు. మగ్గానికి బూజు పట్టింది. కన్నకూతురు పిలిచినా అతను తలెత్తలేదు. ఒకరోజు ముద్దలో మాత్ర దాస్తుండగా నీ చేయి పట్టుకుని నిలదీశాను.

"ఇల్లు సద్దు లేకుండా ఉండాది గదా, నీకేం నొప్పి?" అన్నావు. పోయేదాకా మానలేదు.

తల్లివా నువ్వు?

నువ్వు పోయాక మాత్రలు ఆపాను. అతను మెల్లగా మనిషయ్యాడు. నేశాడు, నవ్వాడు. పోయిన నెల ఆ పిచ్చి మళ్లీ మొదలైంది. "నా చీర యాడ దాచినావే?" అని మిద్దెక్కి అరిచాడు. మగ్గం పలకతో కొట్టి నా నుదురు పగలగొట్టాడు. డాక్టరు మళ్లీ అవే మాత్రలిచ్చాడు. మళ్లీ పదిహేను రోజులే అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో సద్దు లేదు. నేను కంటినిండా నిద్రపోతున్నాను.

అత్తా, ఈరోజు పదహారో రోజు. పొద్దున సంగటి ముద్దలో మాత్ర పెట్టి, అచ్చం నీలాగే వేలితో పూడ్చాను.