తీగ మీద ప్యాంట్లు

31 జూలై 1999, శనివారం

ఉద్యోగం వచ్చింది! పద్దెనిమిదేళ్ళ తరవాత మళ్ళీ కోబాల్ ప్రోగ్రామింగ్. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి, రెండు వేల సంవత్సరం వచ్చేలోగా వాటిని నాలుగు చెయ్యాలి. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఆ రెండంకెలు రాసిన బాపతే నేను. ఇక్కడే సిడ్నీలో, పారమట్టాలో ఇన్సూరెన్స్ కంపెనీ. మూడు నెలల కాంట్రాక్టు, నచ్చితే పొడిగిస్తారు.

లెటర్‌తో పాటు ఆఫీసుకి ఏ బట్టలు వేసుకోవాలో ఒక కాగితం: బిజినెస్ కాజువల్. మా అమ్మాయి శ్రీదివ్య షాపుకి లాక్కుపోయి నేవీ బ్లూ ప్యాంట్లు రెండు, చొక్కాలు మూడు కొనిపించింది. అచ్చం బాస్‌లా ఉన్నావంది, ఇంగ్లీషులో. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరే తిరగదు.

1 ఆగస్టు, ఆదివారం

ప్యాంట్లు జానెడు పొడుగు. చీరకు ఫాల్ కుట్టినట్టే అంచు మడిచి కుట్టాను. ఉతికి పెరట్లో తీగ మీద వేస్తే మా ఆయన గరాజ్‌లో ఆరేయమన్నారు. ఈ వయసులో ప్యాంట్లేంటి వసుంధరా అన్నారు. తెలుగు సంఘం ప్రెసిడెంటు శేషాచలం గారు వచ్చి చూస్తే డాక్టరుగా తన పరువేం కావాలట. డాక్టరు గారి ప్యాంట్లు మాత్రం ఊరందరికీ కనపడొచ్చు.

గరాజ్‌లోనే వేశాను. ఒళ్ళు మండింది.

3 ఆగస్టు, మంగళవారం

ఈ ప్యాంట్లకి జేబులున్నాయి! నలభై నాలుగేళ్ళు జేబుల్లేకుండా ఎలా బతికాను?

13 ఆగస్టు, శుక్రవారం, సాయంత్రం 6

వచ్చే శుక్రవారం హెడ్ ఆఫీసు వాళ్ళు వస్తున్నారు. నేను సరిచేసిన ప్రోగ్రాము డెమో. రెండు రోజులుగా అద్దం ముందు ఇంగ్లీషు ప్రాక్టీసు చేస్తున్నాను.

మా మేనేజరు గ్రాహమ్ నవ్వుకుంటూ వచ్చాడు. ఆ రోజు నేను చీర కట్టుకురావాలట, లవ్లీగా ఉంటుందట. గుమ్మంలో నిలబడి అందరికీ బ్యాడ్జీలివ్వాలట, ఫోటో తీస్తారట. మరి డెమో అన్నాను. మా టీములోని స్టీవ్ చేస్తాడట. స్టీవ్‌కి ఆ ప్రోగ్రాము ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు.

ఆలోచిస్తానన్నాను. పిరికిదాన్ని. మా పెండిల్ హిల్ స్టేషన్ దాకా ట్రైన్లో పళ్ళు కొరుక్కుంటూ వచ్చాను.

15 ఆగస్టు, ఆదివారం

మా ఆయనకు చెబితే సంబరపడిపోయారు. తెల్లవాడికున్న పాటి ఇంగితం నీకు లేకపోయిందే అన్నారు. పట్టుచీర ఇస్త్రీ చేసుకోమన్నారు.

నాకు చీరంటే ఇష్టం. బీరువా నిండా ఉన్నాయి. కోపం చీర మీద కాదు. ఆఫీసులో ఒకాయన కట్టుకోమంటాడు, ఇంట్లో ఒకాయన కట్టుకోమంటాడు. ఇద్దరిలో ఒక్కరికీ నా కోబాల్ అక్కర్లేదు.

19 ఆగస్టు, గురువారం

ఇస్త్రీ చేశాను. ప్యాంటు.

20 ఆగస్టు, శుక్రవారం

తెల్ల చొక్కా టక్ చేసుకుని వెళ్ళాను. బొట్టు పెట్టుకున్నాను, అది రోజూ ఉండేదే. చీర ఏదని గ్రాహమ్ అడిగాడు. మీరిచ్చిన కాగితం ప్రకారమే వచ్చానన్నాను. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

డెమో స్టీవే మొదలెట్టాడు. హెడ్ ఆఫీసు నుంచి వచ్చినావిడ, రెండు వేల సంవత్సరంలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని ఈ ప్రోగ్రాము లెక్కలోకి తీసుకుంటుందా అని అడిగింది. స్టీవ్ గ్రాహమ్ వంక చూశాడు, గ్రాహమ్ కిటికీ వంక చూశాడు. నన్నెవరూ పిలవలేదు. లేచి వెళ్ళి కీబోర్డు ముందు కూర్చున్నాను. నలభై నిమిషాలు మాట్లాడాను. గ్రామర్ తప్పులు దొర్లాయి, దొర్లనీ.

సాయంత్రం గ్రాహమ్ నా బల్ల పక్కనుంచే మొహం తిప్పుకుని వెళ్ళాడు. కాంట్రాక్టు పొడిగించడేమో. భయంగానే ఉంది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ ప్యాంటే వేసుకెళ్తాను.

గుమ్మం దగ్గర తీసిన ఫోటోలో నేను లేను.

22 ఆగస్టు, ఆదివారం, ఉదయం 11

ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకున్నాను. ఎవరూ కట్టుకోమనలేదు. ప్యాంట్లు రెండూ పెరట్లో తీగ మీద, ఆయనవాటి పక్కనే ఆరేశాను.

శేషాచలం గారి కారు ఆగింది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి, తీసెయ్ తీసెయ్ అని సైగ చేస్తున్నారు.

ఇంకా ఆరలేదు.