స్కూటరు సాక్ష్యం

కాడుగోడి,
9-8-1999

పాస్టరు అయ్యగారికి వందనాలు.

యౌవనస్థుల కూడికలో నేను జీవితంలో పైకొచ్చిన వైనం సాక్ష్యంగా చెప్పమన్నారు. టై కట్టుకుని గంటసేపు చెప్పాను. చర్చి గోడ మీద కూర్చునే కుర్రాళ్ళు సగంలోనే లేచి మళ్ళీ గోడెక్కారు.

మొన్నామధ్య స్కూటరు లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పబోయి, రెండోసారి కూడా ఇన్‌స్పెక్టరు కాళ్ళ దగ్గరే పడ్డాను. ఇప్పుడు స్టేషను మైదానంలో రోజూ నేర్చుకుంటున్నాను. చూసి నవ్వడానికి ఆ కుర్రాళ్ళంతా తప్పకుండా వస్తున్నారు.

వాళ్ళలో ఎస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చున్న జోనా నిన్న నన్ను లేవదీస్తూ, "మళ్లా టెస్టుకి పోతారా అంకుల్?" అన్నాడు. పోతానన్నాను.

"అట్లయితే నేనూ పరీక్షకి కడతా."

అందుకని నాకు లైసెన్సు రావాలనే ప్రార్థన, వాడి పరీక్షలయ్యేదాకా దయచేసి ఆపండి.

ఇట్లు,
ప్రస్తుతం మోకరించలేని మీ సంఘస్థుడు