దాపట తిరగాల్సిన ఇంజన్

వికారాబాద్,
శనివారం.

నా బంగారు హన్మమ్మకు,

మోకాలి వాపు తగ్గిందా? డాక్టరు చెప్పినట్టు మెట్లు ఎక్కకు. ఫోన్ చేద్దామంటే నీ తమ్ముడు కుమారస్వామే ఎత్తుతాడు. "ఏం బావా, పడవ మునిగిందా?" అని పళ్లికిలిస్తాడు. అందుకే ఈ కాగితం తాండూరు బస్సు కండక్టరు శ్రీశైలం చేతికిచ్చి పంపుతున్నాను. నీ తమ్ముడి కంట పడనియ్యకు.

హన్మమ్మా, నా సంతోషం రాయడానికి నా అయిదో తరగతి చదువు చాలదు. మన నిరోష పడవలో కొత్త ఇంజన్ కూర్చుంది! పడవ కడుపులో ఉండే ఆ పాత ఇంజన్‌లోకి నీళ్లు పోయి పగిలినప్పటి నుంచి పిల్ల సరిగ్గా అన్నం తినలేదు కదా. పట్నం నుంచి వచ్చిన మెకానిక్, "గిసోంటి ఇంజన్ దొరకది, పడవను తుక్కుకు ఇయ్యండ్రి" అన్నాడు. పెద్ద చెప్పొచ్చాడు! ఆడపిల్ల పడవ నడిపితే కళ్లు మండే మల్లేశ్వర్ అప్పుడే ప్రాజెక్టు గట్టు మీద మన చోట్లో తన పడవకు గుంజ పాతుకున్నాడు. సిగ్గులేని జన్మ.

రేపు ప్రార్థన అయ్యాక పడవల సంఘం వాళ్లు వస్తారు. పడవ మనిషిని ఎక్కించుకుని ప్రాజెక్టు చుట్టి వస్తే ఆ చోటు మనదే. రాకపోతే మల్లేశ్వర్‌ది. వస్తుంది, ఎందుకు రాదు! తాండూరులో మూతపడిన నాపరాళ్ల షెడ్డులో పడి ఉన్న ఇంజన్ ఇది, గేరు పెట్టెతో సహా. నిరోష కొలతలన్నీ, ఇంజన్ ఏ దిక్కు తిరగాలో కూడా ఫోన్లో చెప్పింది, నీ తమ్ముడు చూసి కొని పంపాడు. పాత రంధ్రాల్లోనే బోల్టులు దిగాయి. "నాయినా, ఒక్క బొక్క గూడ కొత్తది కొట్టలే!" అని బిడ్డ నా మెడ పట్టుకుని గెంతింది.

ఇదంతా నీ తమ్ముడి గొప్ప అనుకోకు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ షెడ్డులో పడ్డాడు, అంతే. ఒక మాట నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. క్రిస్మస్ విందులో అందరూ బంతిలో కూర్చున్నప్పుడు వాడన్నాడు కదా, "ఇంట్ల మొగపిల్లగాడు లేకపోతె గిట్లనే ఉంటది బావా, బిడ్డతోని పడవ నడిపిస్తరు" అని. వాడన్నందుకు కాదు హన్మమ్మా, వాడి నోటికి తాళం ఎప్పుడుంది! నువ్వు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు. ఆ ముద్ద ఇంకా నా గొంతు దిగలేదు.

రేపు పడవ నడిచాక వాణ్ని అందరి ముందు కడిగేస్తాను. ఆ తర్వాత మీ పుట్టింటి గడప తొక్కను. ఇది ఖాయం.

నీ
ఏసుదాసు


వికారాబాద్,
సోమవారం.

ప్రాణసమానమైన హన్మమ్మకు,

దేవునికి స్తోత్రం! మన చోటు మనకే ఉంది! నిన్న గట్టు మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. కానీ ఎలా జరిగిందో చెబితే నువ్వు నమ్మవు.

నీ తమ్ముడు తెల్లబట్టలు వేసుకుని, అత్తరు పూసుకుని, ఇంజన్‌ను తానే కన్నట్టు వచ్చి నిలబడ్డాడు. నిరోష ఇంజన్ స్టార్ట్ చేసి ముందు గేరు వేసింది. పడవ వెనక్కి పోయింది! గట్టుకు గుద్దుకుంది, సంఘం పెద్ద బీరయ్య పంచె తడిసిపోయింది. మల్లేశ్వర్ పొట్ట పట్టుకుని, "అక్కా, నీ పడవకు అత్తగారింటికి పోబుద్ధి అయితలేదేమో, ఎన్కకే గుంజుతుంది!" అన్నాడు. అందరూ నవ్వారు.

నిరోష ఇంజన్ ఆపి అడిగింది. "మామా, ఇంజన్ దాపట దిక్కు తిరగాలె అని ఫోన్ల జెప్పిన గద?"

"దాపటనే సూసిన బిడ్డా! ఎదురుంగ నిలబడి మంచిగ సూసిన, నా ఎడమచెయ్యి దిక్కే తిరిగింది!"

విన్నావా? నాగలి వెనక నడిచినవాణ్ని ఎవణ్నైనా అడుగు, దాపటెద్దు అంటే వెనక నుంచి చూసిన ఎడమ, ఎదురుగా నిలబడితే అదే కుడి అవుతుంది. నా బిడ్డ నా వెంట దుక్కిలో తిరిగి నేర్చుకున్న మాట అది. నీ తమ్ముడు జన్మలో నాగలి పట్టాడా? సంతలో ఎద్దుల ఎదురుగా నిలబడి పళ్లు చూడటమే వాడి సేద్యం. ఇంజన్‌ను కూడా అలాగే పళ్లు చూసి కొన్నాడు!

నిరోష మాత్రం బెదరలేదు. "ఇంజన్ మంచిదే. నీళ్లల్ల తిరిగే ఫ్యాను ఎదురు మలుపుది ఏస్తె సరిపోతది. ఇయ్యాల ఎన్క గేరు ఏసి ముందుకు పోత, సూడుండ్రి" అంది.

బీరయ్య పంచె పిండుకుంటూ, "గసోంటి పడవల ఎవలెక్కుతరమ్మా? ఒక్కలన్న ఎక్కి సుట్టొస్తె నేను ఒప్పుకుంట" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఇంత రాసిన నేను కూడా కదల్లేదు హన్మమ్మా. ఈత వచ్చినవాణ్నే, అయినా నా కొత్త చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. అప్పుడు దబ్బుమని నీళ్ల చప్పుడు. చూస్తే నీ తమ్ముడు, తెల్లబట్టలతో మోకాళ్ల లోతు నీళ్లలో. బకెట్ నీళ్లు చూసినా భయపడే మనిషి పడవెక్కి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కళ్లు మూసుకుని అరిచాడు. "నా మేనకోడలు నడుపుతుంటె నేను కూసోకపోతె ఎవడు కూసుంటడు! నడుపు బిడ్డా!"

నడిపింది. ప్రాజెక్టంతా చుట్టి తెచ్చింది. మల్లేశ్వర్ తన గుంజ తానే పీక్కున్నాడు.

వాణ్ని మెచ్చుకుంటున్నాననుకోకు. దిగగానే భళ్లున వాంతి చేసుకున్నాడు, నా కొత్త చెప్పుల మీద. అందరి ముందు కడిగేస్తానన్నాను కదా, చెంబుతో నీళ్లు పోసి మొహం కడిగాను. "బావా, అప్పుడు విందుల తప్పు మాట్లాడిన" అన్నాడు. "నోరు పుక్కిలించు ముందు" అన్నాను. చెంబు వాడి చేతికిచ్చాను.

గురువారం తాండూరు వస్తున్నాను. మీ ఇంట్లోనే తింటాను, పప్పులో ఉప్పు తక్కువ వెయ్యమను. ఆ పూటే ఫ్యాను కొనడానికి వాడూ నేనూ కలిసి పోతున్నాం. ఇద్దరం వెనక దిక్కునే నిలబడి చూస్తాం.

నీ
ఏసుదాసు