పట్టుపురుగుల్లో దొరికిన మందు

బెంగళూరు,
ఆగస్టు 5, 2024

ప్రియమైన సుమక్కకు,

ఈ మాట చెప్పాలని మూడుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే వేరే ఏదో మాట్లాడి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. మా ల్యాబ్ రిపోర్టు కూడా జతచేశాను.

నాలుగో జ్వరం లేచి, కుబుసం విడిచి, ఇంకో నాలుగు రోజుల్లో గూళ్ళు కట్టాల్సిన పురుగులు ఒక్క పూటలో తలలు ఊపుతూ, పచ్చటి నీళ్ళు కక్కుతూ చచ్చిపోయాయి. వాటిని తట్టలకొద్దీ గుంటలో పోసి, పక్క టమాట తోట వైపు తిరిగి నువ్వు అరిచిన అరుపు ఇంకా వినిపిస్తోంది. "గాలికి మందు కొడితే యాడికి పోతాదని చూసుకోవద్దా మామా? నా పురుగుల్ని సంపినావు గదా!" ఆ తోట మునిశామప్ప మామది, నాన్నతో ఒకే షిఫ్టులో కేజీఎఫ్ బంగారు గనిలో దిగిన మనిషి. నాన్న మాట మీదే మన పక్కన పొలం కొన్నాడు. నేను మల్బరీ ఆకూ, చచ్చిన పురుగులూ డబ్బాల్లో సర్దుతుంటే తన మందు సీసాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇవీ తీసుకోమ్మా. నీ మిషన్ ఏం చెప్తే అదే."

ఆయన తప్పు రుజువు చేయడానికే వాటిని తీసుకొచ్చాను.

పురుగుల్నీ ఆకునూ నూరి, ద్రావకంలో కలిపి, వడకట్టి మిషన్‌లోకి ఎక్కించాను. లోపల వెంట్రుకంత సన్నటి గొట్టం ముప్పై మీటర్లు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఒక్కో పదార్థం దానికి పట్టే సమయానికే అందులోంచి బయటికి వస్తుంది. అప్పుడు దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులు చూసి, అది ఏదో తేలుస్తాం. మామ మందుల జాడే లేదు. ఇంకొకటి వచ్చింది, ట్రాన్స్‌ఫ్లుత్రిన్. నమ్మలేక, స్వచ్ఛమైన నమూనా తెప్పించి పక్కన పెట్టి మళ్ళీ చూశాను. అదే సమయం, అవే ముక్కలు.

అక్కా, అది దోమల మిషన్‌లో ఉండే మందు. ముందు రోజు రాత్రి నేను ఆకు గదిలో పడుకున్నాను కదా. బెంగళూరు నుంచి తెచ్చుకున్న దోమల మిషన్ ప్లగ్గులో పెట్టాను. తడి గోనె కింద నీ ఆకు నా మంచం పక్కనే ఉంది. ఆ కాస్త ఆవిరి చాలు పట్టుపురుగుకి. పదేళ్ళుగా ఇలాంటి మందుల్ని పరీక్షించే పనే చేస్తున్న నాకు ఆ ఆలోచనే రాలేదు.

రిపోర్టును ఆరు రోజులు సొరుగులో దాచాను. ఏమీ తేలలేదని చెబితే నువ్వు నమ్ముతావు. కానీ మామ తలవంచుకునే తిరగాలి. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. పద్దెనిమిదో తేదీ ఆదివారం వచ్చి ఆయన ముందు నిలబడతాను. నన్ను గడప తొక్కొద్దన్నా నీ ఇష్టమే.

నీ చెల్లెలు,
రక్షిత

కామసముద్రం,
ఆగస్టు 12, 2024

చిన్నారి చెల్లి రక్షితకు,

నీ ఉత్తరం చదివాను. నీకు చెప్పని సంగతి నా దగ్గరా ఒకటి ఉంది.

ఆ పొద్దున ఆకు తీయడానికి వెళ్ళినప్పుడే ప్లగ్గులో నీ మిషన్ చూశాను. పురుగుల దగ్గర అగరబత్తి కూడా వెలిగించకూడదని ట్రైనింగులో చెప్పారు. అయినా ఏం కాదులే అనుకుని అదే ఆకు వేశాను. పురుగులు చావడం మొదలయ్యాక ఆ మిషన్ తీసి నీ సంచిలో దాచి, మామ మీద అరిచాను. ఎప్పుడో వచ్చే చెల్లెల్ని అనడానికి మనసు రాలేదు. రోజూ కనిపించే మనిషిని అనడం సులభమైపోయింది. నువ్వు డబ్బాలు సర్దుతుంటే ఆపే ధైర్యమూ లేకపోయింది.

నిన్న సాయంత్రం మామ వాళ్ళింటికి వెళ్ళి నీ ఉత్తరం చదివాను. నా సంగతీ చెప్పాను. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మత్త పొయ్యి దగ్గర నుంచే, "ఇంగ ఈయనకి అన్నం దిగుతాది" అంది. మామ రిపోర్టు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇందులో నా మందు యాడ ఉండాది?"

"లేదు మామా. లేదనే రాసినారు."

"లేదని కూడా రాస్తారా?"

ఆ వరుస చూపించమని, దాని మీద వేలు ఆనించాడు. నేను ఏడుస్తుంటే, "ఊరుకోమ్మా. కొత్త పురుగులు ఎప్పుడు తెస్తావో చెప్పు. అవి గూడు కట్టేదాకా నేను తోటలో మందు కొట్టను" అన్నాడు.

ఈ పొద్దున మా ఇంటికి వచ్చి కాఫీ తాగాడు. నువ్వొచ్చే ఆదివారం పురుగుల గది కడిగి సున్నం కొట్టాలి. మామ మూడు కుంచెలు తెచ్చాడు. మూడోది ఎవరికని అడిగితే, "చిన్నదానికే. పొడుగ్గా ఉండాది గదా, పైభాగం కొట్టేది దాని పనే" అన్నాడు.

పాత చీర ఒకటి తెచ్చుకో.

నీ అక్క,
సుమ