పచ్చివి, పచ్చవి

మెదక్

మోహసిన్ భాయ్, మీకు సలాం.

పెళ్లింట్లో ఉన్న మనిషిని కదిలిస్తున్నాను, ఏమనుకోకండి. నర్సాపూర్‌లో మీ ఫోన్ కలవడం లేదు. అందుకే ఈ ఉత్తరం ఆటో బిక్షపతి చేతికిచ్చి పంపుతున్నాను.

మీరు లేరని పెద్ద ఫర్నేస్ నేనే నింపాను. తుంటి కీలులో పెట్టే పింగాణీ గుండ్ల ట్రేల మీద, అచ్చు వేసే సుమన 'పచ్చివి' అని రాసింది, ఇంకా ఏ మంటా చూడనివని. నేను తొందరలో 'పచ్చవి' అని చదివి, చిన్న ఫర్నేస్ దాటి పచ్చ స్టిక్కర్ పడిన సరుకే అనుకున్నాను. పొడి అతుక్కోవడానికి కలిపిన మైనం చిన్న ఫర్నేస్‌లో మెల్లగా పోగొట్టకుండానే, నేరుగా పెద్ద మంటకు ఇచ్చేశాను. ఆర్పిన కొవ్వొత్తి వాసన వచ్చింది. సుమన పరుగెత్తుకొచ్చి, "పచ్చివి అని గుడి పెట్టే రాసిన గదన్నా, కనవడలేదా?" అంది.

చల్లారాక తలుపు తెరిస్తే సగం గుండ్లు పగిలి ఉన్నాయి. మిగతావి ముత్యాల్లా మెరుస్తున్నాయి. నా భయమంతా వాటితోనే. సేఠ్ మాత్రం, "పగిలినయి పక్కన పెట్టు, మంచిగున్నయి ప్యాక్ చెయ్. మోహసిన్ సరే అంటే అయిపాయె" అంటున్నాడు. బండి గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపల కంటికి కనబడని పగులు ఉంటే, అది రేపు ఎవరి తుంటిలోనో విరుగుతుంది.

మీ జవాబు వచ్చేదాకా ప్యాకింగ్ గది తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. ఈ కాగితం వెనకే ఒక్క మాట రాయండి. 'పంపకు' అని రాసేటట్టయితే, ఆ 'కు' పెద్దగా రాయండి. గుడిని నేను చూడక వదిలేశాను. 'కు'ను చూసి కూడా వదిలేసే మనిషి ఇక్కడ ఉన్నాడు.

మీ తమ్ముడు