ఎండ సూర్యుడిదే, షెడ్డు నీది

కొత్తవాడ, వరంగల్
5-6-1989

లింగమూర్తి అన్నయ్యకు,

నీ చెల్లెలు సరస్వతి నమస్కారాలు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అందరం క్షేమమని రాసి ఆ తర్వాత మిగతా సంగతులు రాయాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఈసారి ఆ మాట నా చేతికి రావడం లేదు. మీరు క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. నువ్వుండే భీవండిలో మబ్బు పట్టిందట, చల్లగాలి వీస్తోందట, పాత మరమగ్గాలు చవగ్గా దొరికేలా ఉన్నాయట. సంతోషం.

ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. షెడ్డు మళ్ళీ మొదలైందా అని ముందు అడిగావు. నీ షెడ్డులో నేసే గట్టయ్య మామ పోయాక ఆయన తరఫు వాళ్ళు లొల్లి ఏమైనా చేస్తున్నారా అని తర్వాత అడిగావు. అన్నీ అయ్యాక, కాగితం అడుగున కొంచెం చోటు మిగిలింది కాబట్టి, బావ ఒంట్లో ఎట్లా ఉంది అని అడిగావు. నీ సొంత చెల్లెలి మొగుడు అన్నా ఆయన! నీ షెడ్డులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నిలబడే మనిషి. నువ్వు అడిగిన వరసలోనే జవాబు చెబుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకుంటే తెచ్చుకో.

షెడ్డు మొదలవలేదు. ఇప్పుడున్నట్టుగా నేను మొదలవనివ్వను. వచ్చే సోమవారం నుంచి మగ్గాలు నడపమని, తలుపు ఎప్పటిలాగే వేసి ఉంచమని నువ్వు రాసిన ముక్క చదివి నాకు కడుపు మండిపోయింది. మా ఆయన మాత్రం సరేనన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, నువ్వు పని ఇచ్చావని నిన్ను నెత్తిన పెట్టుకున్న మనిషి, సరేననక ఏమంటాడు? గట్టయ్య మామ పోయిన చోటే ఆయన మళ్ళీ నిలబడాలి. నాకు ఇంకొక మొగుణ్ణి నువ్వు తెచ్చిపెడతావా?

ఇక నీ ఎండ పురాణం. మామ పోయాడని తెలియగానే రాసిన ఉత్తరంలో ఏమన్నావు? రోహిణి కార్తె ఎండలు తాతల కాలం నుంచి ఇంతే, ప్రకృతిని ఎవరు ఆపుతారు, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు అన్నావు. ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నావు. అక్కడ ఎవరో సేటు కొడుకు ఇంగ్లీషు పేపరు చదివి చెప్పాడట, దేశదేశాల్లో బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ పైన చేరి భూమికి దుప్పటి కప్పినట్టు అయిందట, అందుకే ఎండలు ముదురుతున్నాయట, తప్పు లోకానిదట, మనం పేదవాళ్ళం, మనదేం లేదట. అన్నా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మొన్న దేవుడి మీద పెట్టావు, నిన్న అమెరికా మీద పెట్టావు. నీ చేతులు మాత్రం ఎప్పుడూ శుభ్రమే.

ఎండలు ముదిరాయా అంటే ముదిరాయనే నాకూ అనిపిస్తోంది. మన చిన్నప్పుడు ఈ రోజుల్లో వాకిట్లో పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్ళం, నువ్వు నాది లాక్కునేవాడివి. ఇప్పుడు తెల్లవారినా నేల చల్లబడటం లేదు. దానికి కార్తె కారణమో, పొగ కారణమో, రెండూ కలిశాయో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళు తేలుస్తారు. కానీ ఆ సేటు కొడుకు మాటే నిజమైతే ఏటికేడు ఇంకా ముదురుతాయని కదా అర్థం! అప్పుడు గోడకు కిటికీలు ఎక్కువ పెట్టాలా, ఉన్నవాటిని ఇటుకలతో పూడ్చాలా? అంత సంగతి తెలిసినవాడికి ఇంత చిన్న సంగతి తట్టలేదా?

మన పక్కింటి పర్శరాములు బాపు గట్టయ్య మామ కంటే పెద్దవాడు. మామ పోయిన రోజు ఆయన కూడా పొద్దుగూకేదాకా నేశాడు. ఆయన ఇంటి మీద కాసింది వేరే సూర్యుడా? ఆయనది మట్టిగోడ, పెంకుల కప్పు, కిటికీ బార్లా తెరిచి ఉంటుంది. నీది ఇనుప రేకు. వడగాలి తగిలితే నూలు ఎండి పోగులు తెగుతాయని కిటికీలు పూడ్పించావు. నేలంతా నీళ్ళు చల్లించి, తడి గోనెసంచులు వేలాడదీయించి, తలుపు వేయించావు. తాత కూడా ఇట్లాగే తడి పెట్టి నేశాడు అంటావు. తాత పెంకుటింట్లో నేశాడు అన్నా, రేకుల కింద కాదు. ఆ నీళ్ళన్నీ ఆవిరై, ఇడ్లీలు ఉడికినట్టు మనుషులు ఉడికారు. ఒంటి మీద చెమట ఆరే దారే లేదు.

నీ రెండో ప్రశ్న. లేదు, ఎవరూ లొల్లి చేయలేదు. మామ నీళ్ళకని బయటికి వెళ్ళి వేపచెట్టు దగ్గర పడిపోయాడని అందరూ నమ్మారు. ఆయన భార్య మొగిలమ్మత్త కూడా నమ్మింది. మొన్న నేను పలకరించబోతే నా పక్కన కూర్చుని, "నెత్తికి తువ్వాల కట్టుకొమ్మంటే ఇనకపాయె బిడ్డా, ఆ ఎండల ఎందుకు తిరగాలె, నా మాట ఎన్నడన్న ఇన్నడా" అని చచ్చిపోయిన మొగుణ్ణే తిట్టుకుని ఏడ్చింది. మామ ఎండలో తిరగలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ రోజు సద్దిగిన్నె పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది నేను. మామ రెండు మగ్గాల నడుమ పడి ఉన్నాడు. అంగీ పిండితే నీళ్ళు కారేట్టుంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. మా ఆయన ఆయన్ను మోసుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టాడు. రిక్షాలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. డాక్టరు ఎక్కడ పడ్డాడని అడిగితే, మా ఆయన నా వైపు చూసి, "తొవ్వల, యాపచెట్టు కాడ పడ్డడు సార్" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. కులపెద్దలు పిలిచి అడిగినా అదే చెప్పమని నువ్వు రాశావు.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి. నిన్న మా ఆయన నూలు కండెలు తేవడానికి వెళ్ళినప్పుడు నేను గడ్డపార తీసుకుని నీ షెడ్డుకు వెళ్ళాను. పూడ్చిన కిటికీలు రెండూ పగలగొట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అందుకే అక్షరాలు ఇట్లా వంకరగా ఉన్నాయి. మగ్గం బీముకు చుట్టి ఉన్న నూలు ఎండిపోయింది, దుమ్ము కూడా పడింది. నీకు చేతనైంది చేసుకో.

ఆయన వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా నీకు? లింగమూర్తి బావకు ఏం జవాబు చెప్పాలె నేను?"

"బావకు కాదు, నాకు చెప్పు. మళ్ల తలుపేసుకొని ఆ ఉడుకుల నిలబడతవా?"

"ఎండకాలం ఇంకెన్ని దినాలుంటది? జర ఓపిక పట్టు."

"గట్టయ్య మామ ఓపిక పట్టలేదా?"

ఆ మాటతో ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పగిలిన కిటికీలోంచి వడగాలి కొడుతోంది. అంత వేడి గాలికి కూడా ఆయన ఒంటి మీద చెమట ఆరుతోంది. అది చూసుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు. భయపడ్డాను. తర్వాత చెప్పాడు.

"ఆనాడు మామ నన్ను అడిగిండు సరస్వతీ. పానం ఆగమైతాంది, జర తలుపు తియ్యి బిడ్డా అన్నడు. నేను తియ్యలే. బావ ఒద్దన్నడు మామా, ఈ గుడ్డ అయినంక తీస్త అన్న. మంచిది బిడ్డా అని మళ్ల మగ్గం కాడికి పోయిండు."

విన్నావా అన్నా? మామ ఎదురు మాట్లాడలేదు. మంచిది అన్నాడు. తలుపు తీసినోడు మళ్ళ లోపలికి రావద్దని ఉగాది నాడు నువ్వు అందరి ముందూ అరిచావు చూడు, అది ఆయన కూడా విన్నాడు. గొళ్ళెం లోపలి వైపే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నువ్వు వందల మైళ్ళ అవతల ఉన్నావు. అయినా నీ భయంతో ఇద్దరు మగవాళ్ళు ఆ గొళ్ళెం ముట్టలేదు.

మా ఆయన్ను నేను వెనకేసుకు రావడం లేదు. రాత్రంతా ఆయనతో మాట్లాడలేదు. పొద్దున చాయ్ ఇచ్చి ఒకటే చెప్పాను, మొగిలమ్మత్తకు నువ్వే చెప్పాలి, నీ పక్కన నేనుంటాను అని. సరేనన్నాడు. ఈసారి ఆయన సరేనన్నందుకు నాకు ధైర్యం వచ్చింది. అత్త మొహాన ఉమ్మినా ఉమ్ముతుంది, తుడుచుకుంటాం. ఇన్ని రోజులు ఆమె తన మొగుడిదే తప్పని తిట్టుకుంటూ పడుకుంది. ఇంకొక్క రాత్రి అట్లా పడుకోకూడదు. కులపెద్దల ముందు కూడా ఈ నిజమే చెబుతాం. వాళ్ళు నిన్ను పిలిపిస్తారు. వచ్చినప్పుడు రోహిణి కార్తె సంగతి, ఆ పేపరు సంగతి ఆమె ఎదురుగా కూర్చుని చెప్పు. నాకు రాయకు.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇద్దరం అటునుంచి అటే మొగిలమ్మత్త ఇంటికి పోతున్నాం. ఆయన అంగీ వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

ఇట్లు,
తలుపు తీయని మల్లికార్జున్ భార్య,
తీయొద్దన్న లింగమూర్తి చెల్లెలు,
సరస్వతి